నేరుగా పోయే కారు

చిత్తూరు బైపాసులో నాకొక వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. ఇరవై రెండేళ్ళుగా కార్ల చక్రాలు చూస్తున్నాను. వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది అడిగేది ఒకటే: "స్టీరింగ్ పక్కకు లాగతా ఉండాది, నేరుగా పెట్టప్పా." నేరుగా పెట్టడమంటే వాళ్ళ లెక్కలో చేతిలోని చక్రం నేరుగా కనబడటం. కింద ఏం జరుగుతోందో వాళ్ళకు అక్కర్లేదు. నిజం చెప్పాలంటే చాలాకాలం నాకూ అక్కర్లేదు. ఈ మాట మొదట్లోనే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో నా తప్పు కూడా ఉంది. చివర్లో చెబితే దాచిపెట్టినట్టు ఉంటుంది.

ఇది గంగాధరం కథ. పేర్లు మార్చాను, నా పేరుతో సహా. ఊళ్ళు మాత్రం మార్చలేకపోయాను. బంగారుపాళ్యానికీ పలమనేరుకీ మధ్యన ఆ మొగిలి ఘాట్ లేకపోతే అసలు ఈ కథే లేదు.

గంగాధరం బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టరు. సీజన్ మూడు నెలలూ మిషన్లు ఆగకుండా చూడటం, మిగతా తొమ్మిది నెలలూ వాటిని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించడం, ఇదీ ముప్పై ఏళ్ళుగా ఆయన పని. పెళ్ళిళ్ళకు వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడేవాడు. అదే చేతిలో స్పానర్ పెట్టండి, మనిషి కుదుటపడేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను దామూ అనేవాడు.

ఆయన భార్య జ్ఞానాంబ. మాటకారి, పనిమంతురాలు. ఆమెకు ఉన్న జబ్బల్లా ఒకటే, బండెక్కితే వాంతులు. నవ్వకండి. నేను కూడా మొదట్లో నవ్వాను. మామూలు వాంతులు కావవి. బస్సు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే కళ్ళు తిరిగి, మనిషి చల్లబడిపోయేది. కారయినా అంతే, ఆటో అయినా అంతే. డాక్టర్లు చెవి లోపల ఏదో ఉందన్నారు, మాత్రలిచ్చారు. మాత్ర వేసుకుంటే నిద్రపోతూ కక్కేది, వేసుకోకపోతే మేలుకుని కక్కేది. ఒకసారి స్కూటర్ మీద ఘాట్‌లో కళ్ళు తిరిగి వెనక్కి వాలిపోయింది. వెనక వచ్చే లారీవాడు బ్రేకు తొక్కబట్టి మిగిలింది. మళ్ళీ స్కూటర్ ఎక్కలేదు.

ఆమె పుట్టిల్లు పలమనేరు దాటాక పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. అక్కడ తల్లి శకుంతలమ్మ, తమ్ముడు చెంగల్రాయుడు. అందరికీ అది గంటా గంటంబావు ప్రయాణం. జ్ఞానాంబకు మాత్రం మూడు దినాల పని. పోయిన దినం పడుకునేది, మర్నాడు అమ్మతో మాట్లాడేది, మూడోనాడు తిరిగొచ్చి మళ్ళీ పడుకునేది. ఏడాదికి రెండుసార్లు అట్లా పోయేది. తల్లికి ఎనభై దాటాక ఆమెకు ఒకటే బెంగ పట్టుకుంది.

"పెద్ద ప్రాణం. ఎప్పుడు ఫోనొస్తాదో తెలీదు. ఆ పొద్దు నేను పోయి మాయమ్మ మొగం సూస్తానో లేదో" అనేది.

గంగాధరం ఈ మాట విని ఊరుకునేవాడు. ఊరుకుని, నాలుగేళ్ళపాటు ఒక కారు కట్టాడు.

"వాంతి కడుపులో పుట్టదు దామూ. బండి ఊగులాటలో పుడతాది. ఊగని బండి కడితే సాలు" అన్నాడు నాతో. పెళ్ళానికి నగలు చేయించినవాళ్ళు నాకు తెలుసు, ఇల్లు కట్టించినవాళ్ళు తెలుసు. పెళ్ళాం వాంతి కోసం కారు కట్టిన మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

ఇంటి పక్కన రేకుల షెడ్డు వేశాడు. ఎవరో గుద్ది పారేసిన చిన్న కారొకటి కాగితాలతో సహా తెచ్చాడు. ఇంజనూ, ఇరుసులూ, స్టీరింగూ ఉంచుకుని పైదంతా కోసేశాడు. ఇనుప పైపులతో కొత్త చట్రం కట్టాడు, నేలకు దగ్గరగా, చక్రాల మధ్య వెడల్పు పెంచి. వెనక బల్లలాంటి సీటు ఒకటి. కాగితాల ప్రకారం అది ఇంకా ఆ పాత కారే. ఆ సంగతి నన్ను ఎక్కువగా అడగవద్దు. ముందు సీటు కోసం జ్ఞానాంబను పీట మీద కూర్చోబెట్టి, నేల నుంచి ఆమె కళ్ళ దాకా టేపుతో కొలిచాడు. రోడ్డు నేరుగా కళ్ళకు కనబడుతుంటే తల తిరగదని ఎక్కడో విన్నాడు.

"ఏమబ్బా, నాకు సమాధి కడతా ఉండావా, ఇన్ని కొలతలు తీస్తా ఉండావు?" అని ఆమె ఎగతాళి చేసింది. కానీ కదలకుండా కూర్చుంది.

ఇక స్టీరింగ్ రాక్ సంగతి. దాని గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. రాక్ అంటే ముందు చక్రాల మధ్యన అడ్డంగా ఉండే ఒక పళ్ళ కడ్డీ. మనం స్టీరింగ్ తిప్పితే, దాని కాడ చివరన ఉన్న చిన్న పళ్ళ చక్రం ఆ కడ్డీని ఎడమకో కుడికో జరుపుతుంది. కడ్డీ రెండు కొసలకూ ఉన్న రాడ్లు చక్రాలను తిప్పుతాయి. కంపెనీ కారులో అన్నీ వాటి వాటి చోట్లలో ఉంటాయి. ఇంట్లో కట్టిన కారుకు మాత్రం నడిమధ్య ఎక్కడుందో మనమే వెతకాలి. ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, అందులో సగం దగ్గర ఆపి, గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి రెండు పక్కలా రాడ్లు సమానంగా కట్టాలి. సగం తప్పితే ఒక రాడ్డు పొడుగవుతుంది, ఇంకోటి పొట్టి. నున్నటి రోడ్డు మీద ఏమీ తెలియదు. గుంత వచ్చినా గట్టు వచ్చినా రెండు చక్రాలూ తలా ఒక దారి చూసుకుంటాయి, కారు మూతి విదిలిస్తుంది. ఊగని బండి కావాలనుకున్న మనిషికి ఇంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటి లేదు.

గంగాధరానికి ఇదంతా తెలుసు. రాక్‌ను బల్ల మీద బిగించి మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడున్నర చుట్లు. సగం అంటే ఒకటీ ముప్పాతిక. అక్కడ ఆపి, కాడ మీద ఒక తెల్ల రంగు చుక్క, దానికి ఎదురుగా, కడ్డీ ఉండే గొట్టం మీద ఇంకో చుక్క పెట్టాడు. టీ తెచ్చిన జ్ఞానాంబ అడిగింది: "ఏంది ఈ సుక్కలు?"

"ఈ రెండూ ఎదురెదురుగా వస్తే బండి నేరుగా పోతాది మే" అన్నాడు ఆయన. మా పక్క పెళ్ళాన్ని మే అనే పిలుస్తారు.

మర్నాడు ఆయుధ పూజ. మా పక్క ఆ దినం ఎవరూ పనిముట్టు పట్టరు. షాపుల్లో, షెడ్లలో ఉన్న ఇనుమంతా కడిగి, తుడిచి, గంధం, కుంకుమ పెడతారు. నా షాపులో జాకీకీ బొట్టే, కంప్యూటర్‌కూ బొట్టే. గంగాధరం ఇంట్లో ఆ పని జ్ఞానాంబది. ఆ ఏడు షెడ్డంతా ఆమె చేతి కింద తళతళలాడింది. రాక్ మీద కూడా రెండు కుంకుమ బొట్లు ఎదురెదురుగా ఎర్రగా కనబడ్డాయి. పండగ దాటాక గంగాధరం బొట్లు సరిచూసుకుని రాక్‌ను కారులో బిగించాడు, రాడ్లు కట్టాడు. పండగ ముందురోజే మూడుసార్లు లెక్కపెట్టినవాడు నాలుగోసారి ఎందుకు లెక్కపెడతాడు?

సంక్రాంతి దాటాక కారు మొదటిసారి రోడ్డెక్కింది. ఎక్కిన దినమే విదిలించింది.

నా షాపుకు తెచ్చాడు. నేను నాలుగు చక్రాలకూ అద్దాలు తగిలించి మిషన్ పెట్టాను. రాడ్లు తిప్పి సరిచేశాను. కంప్యూటర్ తెర మీద అన్ని గడులూ పచ్చగా వచ్చాయి, అంటే కొలతలన్నీ సరే. చేతిలోని చక్రం మాత్రం కొంచెం వాలి ఉంది. దాన్ని ఊడదీసి నేరుగా పెట్టి బిగించాను. కాగితం తీసి చేతికిచ్చాను.

"గీటు గీసినట్టు ఉండాదన్నా నీ కారు" అన్నాను.

"గుంతలో ఇదిలిస్తా ఉండాది దామూ. యాడో తప్పు జరిగింది."

"ఇంట్లో కట్టిన కారన్నాక ఆ మాత్రం ఇదిలిస్తాదిలేన్నా."

ఈ మాట నేనే అన్నాను, ఇంకెవరో కాదు. కూర్చుని ఆ స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి తిప్పి చుట్లు లెక్కపెట్టుంటే అర నిమిషంలో బయటపడేది. బయట నాలుగు కార్లు హారన్ కొడుతున్నాయి. నాకు ఆ అర నిమిషం లేకపోయింది. అట్లాంటి అర నిమిషాలు మనిషి జన్మలో ఎన్ని ఉంటాయో, ఏది ఎవరి కొంప ముంచుతుందో ముందుగా తెలిస్తే ఎంత బాగుండును.

ఆ తర్వాత ఐదు నెలలు ఆయన ఆ కారుతో పోరాడాడు. బుష్షులు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, రాక్‌ను మోసే పట్టీలు కోసి మళ్ళీ వెల్డింగ్ చేశాడు. టైర్లను అనుమానించాడు, రోడ్డును అనుమానించాడు. అనుమానించాల్సిన ఒక్కదాన్ని మాత్రం అనుమానించలేదు. అది తన చేత్తో లెక్కపెట్టి, తన చేత్తో గుర్తు పెట్టింది మరి. కొంత తగ్గించాడు కూడా. మే నెలాఖరున మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. మళ్ళీ పచ్చ గడులు, మళ్ళీ కాగితం. ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

జూన్‌లో ఒక పొద్దున ఆరు గంటలకు చెంగల్రాయుడు ఫోన్ చేశాడు. శకుంతలమ్మ తెల్లవారుజామున పోయింది. మర్నాడు అమావాస్య, ఈ పూటే ఎత్తేయాలని పెద్దలు అంటున్నారు, పన్నెండు లోపల రమ్మన్నాడు.

జ్ఞానాంబ ఏడుస్తూనే సంచి తీసుకుని వీధిలోకి వచ్చింది. "బస్సుకు పోదాం" అంది.

"బస్సెందుకు మే. దీని కోసమే గదా నాలుగేండ్లు కష్టపడింది. సరిగ్గా ఉండాదని కాగితం గూడా ఇచ్చినాడు దామూ. నా మాట విను." గంగాధరం జేబులోంచి కాగితం తీసి చూపించాడట.

ఆమె ఆయన మాట విన్నది.

మామిడి సీజను. ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి రోడ్డంతా ఎగుడుదిగుడు. ప్రతి గుంతకూ కారు మూతి విదిలించింది. మొగిలి దాటేసరికే ఆమె చల్లబడింది. ఘాట్‌లో వేగం తగ్గించడానికి రోడ్డు మీద వరసగా పోసిన గట్లు ఉన్నాయి. అక్కడ బండి ఆమెను ఎడాపెడా కుదిపేసింది. బస్సు ఊగితే ఊయలలాగా ఊగుతుంది, మనిషి ఓర్చుకోవచ్చు. ఇది ఎవరో చెంపలు పట్టి అటూ ఇటూ ఆడించినట్టు. మూడో వంపులో "ఆపు, ఆపు" అని తలుపు తీసేసింది. రోడ్డు పక్కన ఒక మూసేసిన టెంకాయల కొట్టు ముందు పడుకుంది. లేస్తే కళ్ళు తిరిగి పడిపోతోంది. బస్సులేమో ఘాట్‌లో ఆగవు. రెండున్నర గంటలు ఆయన ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో మొహం తుడుస్తూ, చెంగల్రాయుడికి ఫోన్లు చేస్తూ కూర్చున్నాడు. చివరికి ఒక పాల వ్యాన్ వాడు జాలిపడి వెనక పడుకోబెట్టుకుని, క్యాన్లు దించుకుంటూ, ఆగాగి పోయాడు.

పన్నెండున్నర దాకా ఆపారు. అంతకుమించి ఆపలేకపోయారు. వీళ్ళు వాకిట్లో దిగేసరికి ఒంటిగంట దాటింది. వాకిలి కడిగేశారు. మా పక్క ఆడవాళ్ళు కాటికి పోరు. జ్ఞానాంబకు కడసూపు దక్కలేదు.

ఆమె ఆయన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికి వచ్చాక అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, బట్టలు ఉతికేది, ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. ఆ ఇంట్లో నాలుగు నెలలు అట్లా గడిచాయి. నేను పోతే నాతో మాట్లాడేది. "దామూ, టీ తాగుతావా" అనేది. నా కాగితాన్ని నమ్మి కారెక్కిన మనిషి నన్ను అంత మర్యాదగా అడుగుతుంటే నేలలోకి పోవాలనిపించేది. కారు షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. గంగాధరం దాని దగ్గరికి పోవడం మానేశాడు.

మళ్ళీ ఆయుధ పూజ వచ్చింది. సాయంత్రం నా షాపులో పూజ చేసిన బొరుగులు, పుట్నాలు, బెల్లం పొట్లం కట్టుకుని వాళ్ళింటికి పోయాను. గంగాధరం షెడ్డు గడప మీద కూర్చుని ఉన్నాడు. లోపల జ్ఞానాంబ ఒక డీజిల్ గుడ్డ పట్టుకుని స్పానర్లు ఒక్కొక్కటే తుడుస్తోంది. మొగుడి మీద ఎంత కోపమున్నా ఇనుము మీద ఉండకూడదు కదా.

"కారుకు పెట్టవా అక్కా?" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని అన్న మాట.

ఆమె టార్పాలిన్ వైపు చూసింది. "పోయినేడు పెట్టింది సాల్దా? ఎంత బాగా పెట్టినానో నీకేం తెల్సు. ఆ స్టీరింగ్ కడ్డీ ఈ బల్లమీదనే ఉండె. మురికీ, నూనీ, తెల్ల రంగూ అంతా డీజిల్‌తో తుడిచినా. కాడ తిప్పి తిప్పి అన్ని పక్కలా తుడిచినా. రెండు సుక్కలూ ఎదురెదురుగా ఉంటే నేరుగా పోతాదని ఈయన సెప్పినాడు గదా. అందుకే రెండు బొట్లూ బాగా కలిపి ఎదురెదురుగా పెట్టి, దండం పెట్టుకున్నా. 'సామీ, మాయమ్మ కాడికి నన్ను నేరుగా తీసకపో' అని. యాడ తీసకపోయినాడు."

అని మళ్ళీ స్పానర్ తుడవసాగింది.

నేను గంగాధరాన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు. తెల్ల రంగు తుడిచేసింది. కాడ తిప్పింది. అది ఎక్కడ ఆగితే అక్కడే రెండు బొట్లూ ఎదురెదురుగా పెట్టింది. ఆ బొట్ల కింద తన చుక్కలున్నాయని ఈయన నమ్మాడు. నా నోరు తెరుచుకుంది. గంగాధరం చెయ్యి వచ్చి నా మోచేతిని పట్టుకుంది. అంత గట్టిగా నన్ను ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. మూడు దినాలు ఆ చోట నొప్పి పోలేదు.

పండగ దాటాక జ్ఞానాంబ రేషన్ షాపుకు పోయిన సమయంలో టార్పాలిన్ తీశాం. ముందు చక్రాలు పైకి లేపి, రాడ్లు ఊడదీశాం. ఆయన స్టీరింగ్ తిప్పాడు, నేను లెక్కపెట్టాను. చేతి చక్రం నేరుగా ఉన్న చోటి నుంచి కుడికి రెండు చుట్లు. ఎడమకు ఒకటిన్నర. నడిమధ్యకు పావు చుట్టు పక్కకు ఉంది. ఇంకోసారి లెక్కపెట్టాం, అంతే వచ్చింది. రాక్ కాడ దగ్గర టార్చి వేస్తే, ఏడాది మురికి కింద కొంచెం ఎర్రగా ఆ రెండు బొట్లూ ఇంకా ఉన్నాయి.

గంగాధరం టార్చి ఆర్పి నేల మీద కూర్చున్నాడు.

"ఆమెకు సెప్పాలన్నా" అన్నాను. "నాలుగు నెలల్నించి నిన్ను దోషి చేసి కూర్చోబెట్టింది. నిజం తెలియనీ."

"ఏం సెప్తావు? నీ సేత్తోనే నీకు మీయమ్మ కడసూపు పోయిందని సెప్తావా?"

"ఆమె తప్పు కాదు గదా. నువ్వు మళ్ళీ లెక్కపెట్టలేదు, నేను అసలే లెక్కపెట్టలేదు. ఆయమ్మ దండం పెట్టుకునింది, అంతే."

"అదంతా మనకు, పని తెల్సినోళ్ళకు. ఆమెకు బొట్టు ఒకటే తెల్సు. సామికి పెట్టిన బొట్టే తల్లిని దూరం సేసిందని తెలిస్తే ఇంగ దీపం గూడా ముట్టిచ్చదు దామూ. బతకదు. ఇప్పుడు నా మీద కోపంతో బతకతా ఉండాది. ఆ కోపం ఉండనీ. నన్ను తిట్టుకుంటా బతకనీ."

నాకు ఒళ్ళు మండింది. ఇదేం త్యాగం, ఇదేం మొండితనం అని అరిచాను. ఆయన లేచి, నన్ను భుజాలు పట్టి కాణిపాకం దిక్కుకు తిప్పాడు. మా జిల్లాలో ఆ దిక్కు తిరిగి అన్న మాటకు ఎదురులేదు. అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ణి ఆ వినాయకుడు వదలడని మా వాళ్ళ నమ్మకం. "నీ నోటితో ఆమెకు సెప్పనని సెప్పు" అన్నాడు. చెప్పాను. ఇంతవరకు తప్పలేదు.

రాక్‌ను మళ్ళీ నడిమధ్యకు తెచ్చాం. ఒకటీ ముప్పాతిక ఇటు, ఒకటీ ముప్పాతిక అటు. ఈసారి ఆయన రంగు వాడలేదు. ఉలి తీసుకుని కాడ మీద ఒక గాటు, గొట్టం మీద ఒక గాటు కొట్టాడు. తర్వాత ఆ రెండు పాత బొట్లను తుడవడానికి గుడ్డ తీసుకుని చాలాసేపు అట్లాగే పట్టుకున్నాడు. చివరికి నేను తుడిచాను. రాడ్లు సమానంగా కట్టాం. సాయంత్రం ఇద్దరం ఘాట్ దాకా పోయి వచ్చాం. కారు ఎక్కడా మూతి తిప్పలేదు. అంత బాగా పోయే కారును నేను నా షాపులో కూడా చూడలేదు.

మళ్ళీ జూన్ వచ్చింది, శకుంతలమ్మ సంవత్సరీకం. జ్ఞానాంబ ముందురోజే బస్సుకు పోతానని బట్టలు సర్దుకుంది. నేను పోయి బతిమాలాను. "అక్కా, ఒక్కసారి. నేను గూడా వస్తాను. తల తిరిగిందంటే మొగిలిలోనే దించి నేనే బస్సెక్కిస్తాను." కారు బాగా పోతే ఆమె కోపం తగ్గుతుందని, ఇల్లు మళ్ళీ ఇల్లవుతుందని నా ఆలోచన. అదీ నా తెలివి. నా మొహం చూసి, ఆమె సరేనంది.

ఏడు గంటలకు బయలుదేరాం. ఒక చేతిలో నిమ్మకాయ, ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మళ్ళీ కాయల సీజను, మళ్ళీ ట్రాక్టర్లు, అవే గుంతలు. కారు ప్రతి గుంతలో నేరుగా దిగి నేరుగా లేచింది. మొగిలి దాటాం. ఘాట్‌లో గట్లు వచ్చాయి, పోయాయి. మూడో వంపులో మూసేసిన టెంకాయల కొట్టు వచ్చింది. ఆమె తల తిప్పి దాన్ని కనబడేంత దూరమూ చూసింది. నిమ్మకాయ ఆమె ఒళ్ళోనే ఉంది, ఒక్కసారి కూడా వాసన చూడలేదు. పలమనేరు చల్లగాలి తగిలింది. పల్లె దారి అసలే బాగుండదు. అక్కడ కూడా ఏమీ కాలేదు.

ఎనిమిదిన్నరకు వాకిట్లో దిగింది. యాభై రెండేళ్ళ జన్మలో మొదటిసారి పుట్టింటి ముందు తన కాళ్ళ మీద తాను దిగింది. చెంగల్రాయుడు ఎదురొచ్చి అక్క మొహంలోకి చూశాడు.

"ఏంక్కా, మొగం ఇంత తేటగా ఉండాది? ఎట్టొస్తివి?"

"కార్లో."

చెంగల్రాయుడు కారును చూశాడు. "పోయినేడు ఘాట్‌లో నిలిపేసిన కారేనా?" అన్నాడు. పాపం, మంచికే అడిగాడు. ఆమె చెంబు తీసుకుని నీళ్ళు తాగింది. వాంతి చేసుకున్న నోరు పుక్కిలించడానికి కాదు, తాగడానికి. తాగుతూనే వాకిలి వైపు చూసింది, పోయినేడు తల్లిని పడుకోబెట్టిన చోటు అది.

క్రతువంతా అయింది, భోజనాలయ్యాయి. బయలుదేరేటప్పుడు ఆమె కారు దగ్గరికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. గంగాధరంతో మాట్లాడింది. ఏడాదిలో అదే మొదటిసారి.

"ఇంత బాగా సెయ్యడం తెల్సు గదా నీకు. ఆ పొద్దుకు యాల సెయ్యలేకపోతివి?"

ఆయన తల వంచుకున్నాడు.

"మాయమ్మ పన్నెండున్నర దాకా ఈడనే ఉండింది. ఈ లెక్కన మనం ఎనిమిదిన్నరకు వచ్చేసిందుము. నాలుగ్గంటలు. నాలుగ్గంటలు పక్కన కూర్చోని ఏడ్సిందును. ఇంతకాలం నా జబ్బే అడ్డమొచ్చిందేమో, నా రాత ఇంతేనేమో అనుకుంటా ఉంటి. అది గాదు. కుదిరేదే. నువ్వు సెయ్యలేదు."

ఒక్క మాట చాలు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నావైపు చూడనుకూడా లేదు.

"నా తప్పే మే" అన్నాడు. "సరిగ్గా లెక్కపెట్టుకోలేదు."

ఆమె తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

తిరుగు దారి పట్టాం. ఘాట్ దిగేటప్పుడు జ్ఞానాంబ తల పక్కకు వాలింది. నేను భయపడి ముందుకు వంగి చూశాను. నిద్రపోయింది. మాత్ర లేకుండా బండిలో ఆమె నిద్రపోవడం ఆయన ఎన్నడూ చూసి ఉండడు. కొంగు జారి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలాగా పడుకుంది. నిమ్మకాయ ఒళ్ళోంచి దొర్లి కింద పడింది.

మొగిలి దాటి మామిడి తోటల మధ్యకు వచ్చాం. అక్కడ రోడ్డు చాలాదూరం వంపు లేకుండా పోతుంది. వెనక సీట్లోంచి అద్దంలో గంగాధరం మొహం నాకు కనబడుతోంది. కళ్ళు కారిపోతున్నాయి, రోడ్డు కనబడుతున్నట్టు లేదు. ఆమె లేస్తుందేమోనని ముక్కు కూడా ఎగబీల్చడం లేదు. కాస్త దూరం అట్లాగే నడిపాడు. తర్వాత స్టీరింగ్ మీద నుంచి రెండు చేతులూ తీసి, భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

కారు నేరుగానే పోయింది.